డీజే మిక్సర్ ముందు పని తెలిసిన మనిషి ఉండాలి

ఏటా వినాయక చవితి దగ్గరపడుతుందంటే ఒకటే వాదన మొదలవుతుంది. డీజేలు ఉంచాలా, పూర్తిగా బంద్ చేయాలా? 2024 అక్టోబర్ 1న హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చిన దగ్గర్నుంచి ఈ వాదన మరింత ముదిరింది. నిద్ర లేక, గుండె దడ పుట్టి విసిగిపోయినవాళ్లు ఒక పక్క, ఏడాదికోసారి వచ్చే పండుగ మీద ఆంక్షలేమిటనే కుర్రవాళ్లు ఇంకో పక్క. ఇద్దరి బాధా నాకు అర్థమవుతుంది. కానీ అడగాల్సిన ప్రశ్న ఇద్దరూ అడగడం లేదు. డీజే బండి మీద మిక్సర్ ముందు నిలబడింది ఎవరు? ఆ పని అతనికి ఎవరు నేర్పారు?

నేను హనుమకొండలో ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, మిక్సర్లు బాగుచేస్తాను. మా నాన్న కాలంలో ఇదే షాపుకు అహూజా ఆంప్లిఫయర్లు, గొట్టం మైకులు వచ్చేవి. ఇప్పుడు డీజే బండ్ల సామాను వస్తుంది. నిమజ్జనం అయిపోయిన వారంలో నా బెంచీ చూస్తే ఊళ్లో సౌండ్ ఎలా నడిచిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. బాక్సులో పైస్థాయి శబ్దాలు పలికించే హై యూనిట్ విప్పి డయాఫ్రమ్ బయటికి తీస్తే, వెంట్రుకంత సన్నటి కాయిల్ నల్లగా మాడి, చుట్టు చుట్టు విడిపోయి ఉంటుంది. మాడిన వార్నిష్ వాసన రెండు రోజుల దాకా షాపులోంచి పోదు. ఓనర్లు అడిగే మాట ఒకటే: "అన్నా, ఈ కంపెనీ మంచిది కాదా?" కంపెనీ మంచిదే. అందులోకి పంపిన సౌండే చెడిపోయి వచ్చింది. అది చెడిపోయింది స్పీకర్ దగ్గర కాదు, అంతకు ఇరవై అడుగుల ముందు, మిక్సర్ మీద.

చూడని వాళ్లకు మిక్సర్ అంటే వరసగా నాబులున్న డబ్బా. దాని లోపలి దారి మాత్రం తిన్నగానే ఉంటుంది. లాప్‌టాప్ నుంచో, పెన్‌డ్రైవ్ పెట్టిన ప్లేయర్ నుంచో వచ్చిన పాట ముందుగా చానల్ పైన ఉండే ట్రిమ్ నాబ్‌ను దాటాలి. కొన్నింటి మీద దాన్నే గెయిన్ అని రాస్తారు. దాని కింద హై, మిడ్, లో అనే మూడు ఈక్యూ నాబులు. వాటి కింద పైకీ కిందికీ జరిగే ఫేడర్. రెండు పాటల మధ్య అటూ ఇటూ జరిపేందుకు అడ్డంగా క్రాస్‌ఫేడర్. అన్నీ కలిశాక మాస్టర్. మాస్టర్ నుంచి వెనక జాక్‌ల ద్వారా, బేస్‌నూ హైనూ విడదీసే క్రాసోవర్‌కు, అక్కణ్నుంచి ఆంప్లిఫయర్లకు, బాక్సులకు.

ఇందులో మొట్టమొదటి నాబే అన్నింటికీ పునాది. దాన్ని పట్టించుకునేవాళ్లు మాత్రం చాలా తక్కువ. 1970ల నాటి పాత సినిమా పాట రికార్డింగు మెల్లగా ఉంటుంది. నిన్న డౌన్‌లోడ్ చేసిన రీమిక్స్ అప్పటికే గొంతు చించుకుంటూ ఉంటుంది. రెండింటికీ ట్రిమ్ ఒకే చోట ఉంచితే ఒకటి వినపడదు, ఇంకోటి పగిలిపోతుంది. అందుకే ప్రతి పాటకూ ముందు చేయాల్సిన పనొకటుంది. ఫేడర్ కిందికి దించి, ఈక్యూ నాబులు మూడూ నడిమధ్యన ఉంచి, క్యూ బటన్ నొక్కి, పాటలో అన్నింటికన్నా గట్టిగా మోగే చోటు హెడ్‌ఫోన్లో వింటూ ట్రిమ్ తిప్పాలి. చానల్ పక్కన ఉండే లైట్లలో ఆకుపచ్చ నిలకడగా వెలగాలి. దెబ్బ పడ్డప్పుడల్లా పసుపు తాకి దిగాలి. ఎరుపు ముట్టకూడదు. ఇదంతా మహా అయితే అర నిమిషం పని. మాస్టర్ లైట్లకూ ఇదే లెక్క.

మరి బండి మీద జరిగేదేమిటి? ట్రిమ్ కుడి పక్క చివరికి, ఈక్యూ మూడూ చివరికి, ఫేడర్ చివరికి, మాస్టర్ చివరికి. లైట్లన్నీ ఎర్రగా వెలుగుతుంటే ఫుల్ సౌండ్ వస్తోందని సంబరం. నిజానికి ఎరుపు తర్వాత అదనంగా వచ్చే సౌండ్ దాదాపు ఏమీ లేదు. ప్రతి పరికరానికీ అది ఇవ్వగలిగిన వోల్టేజికి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటించబోతే అలల శిఖరాలు తెగిపోయి పైన బల్లపరుపుగా మారుతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటాం. శిఖరాలు పెరగడానికి చోటుండదు కాబట్టి, మధ్యలో మెల్లగా ఉండాల్సిన భాగాలన్నీ ఉబ్బుతాయి. పాటలో ఎత్తుపల్లాలు పోయి, చెవిని గీరే గరగర మిగులుతుంది. కొట్టి కొట్టి ఆగాల్సిన కరెంటు ఆగకుండా పారుతుంటుంది కనుక హై యూనిట్ కాయిల్‌కు చల్లారే వ్యవధి దొరకదు. నా బెంచీ మీదికి వచ్చేది అలా మాడినదే.

అంకెల్లో చూసినా ఇదే తేలుతుంది. సౌండ్ 3 డెసిబెల్స్ పెరగాలంటే ఆంప్లిఫయర్ పవర్ రెట్టింపు కావాలి. వినేవాడికి రెట్టింపుగా అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్ కావాలి. మిక్సర్ మీద నాబ్ ఇంకాస్త తిప్పినంత మాత్రాన బండి మీద లేని పవర్ ఎక్కణ్నుంచి వస్తుంది? ఆపరేటర్‌కు ఈ ఒక్క లెక్క తెలిస్తే సగం గోల అక్కడే తగ్గుతుంది.

ఈ యంత్రాన్ని తయారుచేసిన వాళ్ల ఆలోచన కూడా గమనించాలి. 1970ల మొదట్లో న్యూయార్క్ డిస్కో క్లబ్బుల్లో పేరు తెచ్చుకున్న మిక్సర్ బోజాక్ కంపెనీ సీఎంఏ-10-2డీఎల్. అప్పటికే ఒక పాట ఆగకముందే రెండో పాట కలపాలనే అవసరం ఉంది. అలా కలపాలంటే జనానికి వినపడకముందే రెండో పాటను ఆపరేటర్ వినగలగాలి. అందుకు వచ్చిందే క్యూ. నేటి మిక్సర్లు చూడండి: చానల్‌కొక క్యూ బటన్, హెడ్‌ఫోన్లో రాబోయే పాట ఎంత, నడిచే పాట ఎంత అని సరిచూసుకునే క్యూ-మిక్స్ నాబ్, హెడ్‌ఫోన్ లెవెల్, చానల్‌కొక వరస లైట్లు, ఆపరేటర్ పక్కనే ఉండే చిన్న స్పీకర్‌కు విడిగా బూత్ నాబ్. వీటిలో ఏదీ జనానికి వినపడే సౌండ్ పెంచదు. అన్నీ ఆపరేటర్ వినడానికీ, చూసుకోవడానికీ పెట్టినవే. వినడం రానివాడి చేతిలో పెడితే ఇంత మంచి యంత్రం ఉత్త వాల్యూమ్ నాబ్‌గా మిగిలిపోతుంది.

వినడం అనే మాట ఊరికే అనలేదు. ఈ రంగంలో పాతబడిన ఆపరేటర్లు బాక్సు తెచ్చి "బేస్ తగ్గింది, చూడన్నా" అంటారు. టెస్ట్ టోన్ పెట్టి చూస్తే హై యూనిట్ పూర్తిగా చచ్చిపోయి ఉంటుంది. నేను వేరే బాక్సు పక్కన పెట్టి తేడా వినిపించినా కొందరు పట్టలేరు. ఏళ్ల తరబడి బాక్సుల పక్కన నిలబడి పైస్థాయి శబ్దాలు వినే శక్తి వాళ్లలో తగ్గిపోయింది. వినపడదు కాబట్టి హై నాబ్ ఇంకా పెంచుతారు. పెంచిన కొద్దీ వాళ్ల చెవులూ, చుట్టూ ఎగిరే పిల్లల చెవులూ ఇంకా దెబ్బతింటాయి. 85 డెసిబెల్స్ సౌండ్‌లో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదనేది నిపుణులు పెట్టిన హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. మన ఆపరేటర్ కుర్రాడు రాత్రంతా అంతకన్నా ఎక్కువలో నిలబడతాడు. చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్ కొనిపెట్టిన ఓనర్‌ను నేను అరుదుగా చూశాను.

ఇక బేస్ సంగతి. ఊరి జనాన్ని ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పాటలోని మాటలు రెండు ఇళ్లు దాటేసరికి అణగిపోతాయి. కింది స్థాయి శబ్దం గోడలు దాటి, కిటికీ అద్దాలు అదిలించి, మంచంలో పడుకున్న ముసలివాళ్ల ఛాతీ దాకా వెళుతుంది. ఇందులో ఇంకో చిక్కుంది. పోలీసులు, కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు కొలిచేది ఏ-వెయిటింగ్ అనే లెక్క ప్రకారం. మనిషి చెవికి కింది స్థాయి శబ్దాలు తక్కువగా వినపడతాయి కనుక ఆ లెక్క 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 30 డెసిబెల్స్ తీసేసి చూపిస్తుంది. మీటర్ మీద అంకె చిన్నగానే ఉంటుంది, ఇల్లు మాత్రం అదురుతుంది. ఆ అదురు తగ్గించే మందు మీటర్ దగ్గర లేదు. ఆపరేటర్ చేతి కింద లో నాబ్‌లో ఉంది. ఎంజీఎం ఆసుపత్రి లాంటి చోటు దగ్గరికి ఊరేగింపు వస్తున్నప్పుడు లో నాబ్ ఎడమకు తిప్పి, మాస్టర్ దించితే పాట ఆగదు, ఎగిరేవాళ్ల ఉత్సాహమూ చావదు, లోపల పడుకున్న రోగికి కాస్త ఊరట దక్కుతుంది. పాట మీద పాట కలిపేటప్పుడు కూడా రెండింటి బేస్ ఒకేసారి వదలకూడదు. ఒకదాని లో నాబ్ దించుతూ ఇంకోదానిది ఎత్తాలి. ఇది పద్ధతి తెలిసిన డీజేల మొదటి పాఠం. రెండు బేస్‌లు ఢీకొంటే మిగిలేది బురద మోత, ఆపైన ఎర్ర లైట్లు.

మిక్సర్ ముందుభాగం కంటే వెనకభాగమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. అక్కడ ఒకే రకం ఆర్‌సీఏ పిన్నులు వరసగా కనిపిస్తాయి. కొన్నింటి దగ్గర ఫోనో, లైన్ అని మార్చుకునే స్విచ్ ఉంటుంది. ఫోనో అంటే రికార్డు ప్లేయర్ కోసం. దాని సూది ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే కాబట్టి మిక్సర్ దాన్ని వందల రెట్లు పెంచుతుంది. ఆ స్విచ్ చూసుకోకుండా లాప్‌టాప్ తీగ గుచ్చితే అంతకు ముందే బలంగా ఉన్న సిగ్నల్ ఇంకా ఉబ్బి, మొదటి అడుగులోనే పగిలిపోతుంది. తర్వాత ఫేడర్ ఎంత దించినా ఆ పగుళ్లు పోవు, మెల్లగా వినిపిస్తాయంతే. మిక్సర్ నుంచి ఆంప్లిఫయర్లకు వెళ్లే తీగ ఇంకో కథ. ఆర్‌సీఏ తీగ నాలుగైదు అడుగులకు మంచిది. బండి ముందు నుంచి వెనక్కి, జనరేటర్ పక్కనుంచి దాన్ని లాగితే గుయ్‌మనే మోత తప్పదు. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ తీగలో ఒకే పాట రెండు దారుల్లో, ఒకటి తలకిందులుగా వెళుతుంది. దారిలో అంటుకున్న మోత రెండింటిలోనూ ఒకేలా చేరుతుంది. అవతలి కొసన ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసేసరికి మోత పోయి పాట మిగులుతుంది. మంచి మిక్సర్లకు మాస్టర్ ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు ఉండనే ఉంటాయి. తీగల ఖర్చు చూసి వాటిని ఖాళీగా వదిలేసిన బండ్లు నాకు తరచూ కనిపిస్తాయి.

గుయ్‌మనే మోత పోగొట్టడానికి మావాళ్లు కనిపెట్టిన దగ్గరిదారి ఒకటుంది. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం. మోత నిజంగానే పోతుంది. దాంతోపాటు ప్రాణానికున్న కాపలా కూడా పోతుంది. ఆంప్లిఫయర్ లోపల ఎక్కడైనా లైవ్ తీగ బాడీకి తగిలితే, ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతుంది. ఎర్త్ లేకపోతే ఆ కరెంటు తీగల పైతొడుగు వెంట మిక్సర్‌కు, మైకు బాడీకి వస్తుంది. మా జిల్లాలో ఒక పెళ్లి బరాత్‌లో, వాన పడి నేల తడిసిన వేళ, మైకు పట్టుకుని పేర్లు చదువుతున్న పిల్లవాడు చెయ్యి విడిపించుకోలేక కొయ్యబారిపోయాడు. ఎవరో జనరేటర్ ఆపితే బతికాడు. ఆ సామాను తర్వాత నా దగ్గరికే వచ్చింది. రెండు ఆంప్లిఫయర్ల ప్లగ్‌లకు ఎర్త్ పిన్నులు లేవు. సరైన మందు ఎక్కువ ఖర్చు కాదు: మిక్సర్, లాప్‌టాప్, ఆంప్లిఫయర్లు అన్నింటికీ ఒకే చోట నుంచి కరెంటు ఇవ్వడం, ఎక్స్‌ఎల్‌ఆర్ తీగలు వాడడం, అప్పటికీ మోత ఉంటే మధ్యలో ఒక ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. జనరేటర్‌కు భూమిలో రాడ్ దించి ఎర్త్ చేయడం ఎలక్ట్రీషియన్ పని. ఆ పని అయిందా లేదా అని అడగాల్సింది ఆపరేటరే.

ఆన్ చేసే వరస కూడా నేర్పాల్సిందే. ముందు లాప్‌టాప్, తర్వాత మిక్సర్, అన్నింటికన్నా ఆఖర్న ఆంప్లిఫయర్లు. కట్టేసేటప్పుడు ముందు ఆంప్లిఫయర్లు. ఈ వరస తప్పితే మిక్సర్ ఆన్ అయిన క్షణం బాక్సుల్లోంచి వచ్చే ధబ్‌మనే దెబ్బ స్పీకర్ కోన్‌నూ, దగ్గరున్న చంటిబిడ్డ చెవినీ ఒకేసారి తాకుతుంది. మైకు సంగతీ అంతే. బాక్సుల ముందుకు మైకు తీసుకెళ్లకూడదు, తల భాగం పిడికిట్లో మూయకూడదు, మాట్లాడేటప్పుడు పాట దానంతటదే దిగే టాక్‌ఓవర్ బటన్ వాడాలి. ఇవి తెలిస్తే కూత రాదు. డప్పు కళాకారులు ఊరేగింపులో ఉన్నప్పుడు ఫేడర్ కిందికి దించి, కాసేపు వాళ్ల దెబ్బనే ముందుండనిచ్చే ఆపరేటర్లు ఉన్నారు. అలాంటిచోట జనం ఇంకా బాగా ఎగురుతారు.

చట్టం లేక కాదు ఈ బాధ. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా సైలెన్స్ జోన్‌గా ప్రకటించవచ్చు, అక్కడ 50, 40. లౌడ్‌స్పీకర్ వాడే బహిరంగ స్థలం అంచున ఆ ప్రాంతపు హద్దు కంటే 10 డెసిబెల్స్ గానీ, మొత్తం మీద 75 గానీ, ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. రాత్రి 10 తర్వాత బహిరంగంగా మోగించకూడదు. పండుగల కోసం రాష్ట్రం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 గంటల దాకా సడలింపు ఇవ్వవచ్చు. ఈ అంకెలు తెలిసిన ఆపరేటర్‌ను చూపించమంటే ఎంతమందిని చూపించగలం? పోలీసులు వచ్చి తీగ పీకడమో, బండి సీజ్ చేయడమో జరుగుతుంది. మర్నాడు జరిమానా కట్టి విడిపించుకున్న అదే బండి, అదే కుర్రాడితో పక్క మండలానికి వెళుతుంది.

కుర్రాళ్లను తప్పుపట్టి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. ఇంటర్‌తో ఆపేసి, రోజు కూలికి బాక్సులు మోస్తూ, ముందువాడు తిప్పింది చూసి తనూ తిప్పడం నేర్చుకున్నవాళ్లే ఎక్కువ. లైటింగ్‌కూ, ఎల్‌ఈడీ తెరలకూ లక్షలు పోసే ఓనర్లు వాళ్ల శిక్షణ మీద రూపాయి పెట్టరు. "మేం పెంచకపోతే కస్టమర్ తిడతాడు, డబ్బులు కట్ చేస్తాడు" అని వాళ్లంటారు. నిజమే, అడిగేవాళ్లున్నారు. అయితే అడిగేవాడికి కావలసింది ఛాతీకి తగిలే దెబ్బ, స్పష్టంగా వినపడే పాట. అది పగలని సౌండ్‌తోనే వస్తుంది. బాక్సులు ఎగిరేవాళ్ల వైపు తిప్పి పెట్టి, ట్రిమ్ సరిచేసి, రెండు పాటల బేస్ ఢీకొనకుండా చూసుకుంటే మాస్టర్ దించి కూడా జనాన్ని ఆడించవచ్చు. పూర్తి నిషేధం కోరేవాళ్లకు కూడా ఒక మాట. నగరంలో ఆపితే బండి ఊళ్లకు పోతుంది, ఊరేగింపుల్లో ఆపితే ఫంక్షన్ హాళ్లకు పోతుంది. సామాను ఉంటుంది, చేతులు కూడా ఉంటాయి. ఆ చేతులకు పని నేర్పడమే మిగిలిన దారి.

బండి నడపాలంటే లైసెన్స్ అడుగుతాం. వందలమంది మధ్యలో జనరేటర్, వేల వాట్ల ఆంప్లిఫయర్లు, బాక్సులు నడిపేవాడిని ఏమీ అడగం. ఇది మారాలి. మన ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్ కోర్సులు ఎప్పటినుంచో ఉన్నాయి. అక్కడే సౌండ్ ఆపరేటర్లకు కొద్ది వారాల కోర్సు పెట్టవచ్చు. ట్రిమ్, ఈక్యూ, మాస్టర్ సరిచేయడం, తీగలు, ఎర్తింగ్, చెవుల రక్షణ, శబ్ద నియమాలు, అంతే. పాఠం చెప్పడానికి మాలాంటి రిపేరు పనివాళ్లం ముందుకొస్తాం. సౌండ్ అనుమతి దరఖాస్తులో ఓనర్ పేరుతో పాటు ఆ రాత్రి మిక్సర్ దగ్గర ఉండే ఆపరేటర్ పేరు, సర్టిఫికెట్ అడగాలి. మిక్సర్‌కూ ఆంప్లిఫయర్లకూ మధ్య లిమిటర్ పెట్టి, ఒక స్థాయి దగ్గర సెట్ చేసి సీలు వేయాలి. ఆపైన ఎవరెంత తిప్పినా సౌండ్ హద్దు దాటదు. సౌండ్ అసోసియేషన్లు ఓనర్ల రేట్ల గురించి మాట్లాడినంత గట్టిగా ఆపరేటర్ల జీతాల గురించి, చెవుల గురించి మాట్లాడాలి.

పెళ్లికి, పండుగకు డీజే మాట్లాడుకునే కుటుంబాలూ, కమిటీలూ కూడా అడ్వాన్స్ ఇచ్చే ముందు మూడు విషయాలు అడగండి. మిక్సర్ దగ్గర ఎవరు ఉంటారు? ఆంప్లిఫయర్లకు లిమిటర్ ఉందా? ప్లగ్‌లకు ఎర్త్ పిన్నులు ఉన్నాయా? తిన్నగా జవాబు చెప్పలేని బండిని పంపించేయండి. రేటు వెయ్యి తక్కువైనా సరే. మీరు అడగడం మొదలుపెడితే ఓనర్లు నేర్పించడం మొదలుపెడతారు. ప్రభుత్వం కోర్సు పెట్టేదాకా ఆగాల్సిన పని లేదు, వచ్చే చవితి బేరాలప్పుడే అడగవచ్చు.